సీమ ఎండకు తగ్గ కుక్క, కుక్కకు తగ్గ మందు

అనంతపురంలో మా వీధి చివరింటికి పోయిన వేసవికి ముందు ఒక హస్కీ వచ్చింది. సైబీరియా మంచులో బండి లాగడానికి పుట్టిన జాతి అది. నీలి కళ్లు, తోడేలు మొహం, దుప్పటంత బొచ్చు. మొదటి వారం వీధి పిల్లలందరూ ఆ గేటు దగ్గరే. మే నెల వచ్చేసరికి ఆ కుక్క పగలంతా స్నానాల గదిలో తడి నేల మీద బోర్లా పడుకుని, నాలుక బారెడు చాచి, పక్కటెముకలు ఎగిరిపడేలా రొప్పుతూ ఉండేది. ఆ ఇంటావిడ ఒకరోజు మా అమ్మ దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, బొచ్చంతా గొరిగిస్తే దీనికి చల్లగా ఉంటుందేమో కదా?" అని అడిగింది. "గొర్రెలకైతే కత్తిరిస్తారు గానీ, దీని సంగతి నాకేం తెలుసమ్మా, మావాణ్ణి అడుగు" అంది మా అమ్మ.

నేను డాక్టరును కాను. పదిహేనేళ్లుగా ఇంట్లో కుక్కలను సాకుతూ, వాటితో పాటు చాలా తప్పులు చేసి, ఆసుపత్రుల బల్లల మీద కూర్చుని నేర్చుకున్నవాణ్ణి. వీధిలో వాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. ఈ కుక్కా, ఆ కుక్కా? పిడుదులకు చుక్కల మందా, మాత్రా? ఇంటి తిండా, అంగట్లో కొనే సంచిలో తిండా? ప్రభుత్వ ఆసుపత్రా, ప్రైవేటా? అనంతపురం, కర్నూలు, కడప ఊళ్లలో ఉండేవాళ్ల కోసం వాటికి నాకు తోచిన జవాబులు ఇవి. వేరే ఊరికి ఇవే జవాబులు పనికిరాకపోవచ్చు.

ముందు కుక్క సంగతి

కుక్కను తెచ్చుకునేటప్పుడు అందరూ మొహం చూస్తారు. ఇక్కడ చూడాల్సింది ముక్కు, బొచ్చు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కాస్త తడి చేరుతుంది, అంతే. ఒంటిలోని వేడిని అది ముఖ్యంగా రొప్పుతూనే బయటికి పంపాలి. నాలుక మీద, ముక్కు లోపల ఉన్న తడి ఆరుతూ పోతే రక్తం చల్లబడుతుంది. పొడవాటి ముక్కులో ఆ పనికి చోటుంటుంది. పగ్, బుల్‌డాగ్, షీ జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఆ చోటు చాలదు. అవి నిద్రలో గురక పెడుతుంటే ముద్దుగా ఉందని వీడియో తీస్తారు. గాలి ఇరుకు దారిలో పడి వచ్చే చప్పుడు అది. ఏసీ లేని ఇంటికి ఈ జాతులను తేవడం, కరెంటు పోయే వీధిలో ఏసీని నమ్ముకుని తేవడం, రెండూ నా లెక్కలో ఒకటే.

హస్కీ, సెయింట్ బెర్నార్డ్ లాంటివాటి గురించి ఎక్కువ రాయను. ఏడాది పొడుగునా పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, ఏప్రిల్, మే నెలల్లో ఎండ తరచుగా 40 డిగ్రీల దాకా పోయే జిల్లాలో వాటికి పని లేదు. ఇప్పటికే తెచ్చుకున్నవాళ్లు మాత్రం గొరిగించవద్దు. ఆ బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పై పొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అడ్డు పడుతుంది, లోపలి మెత్తటి పొర కాలాన్ని బట్టి రాలుతుంది. రోజూ దువ్వెనతో ఆ లోపలి నూగును దువ్వి తీసేస్తే గాలి ఆడుతుంది. గొరిగితే చర్మం ఎండకు కమిలిపోతుంది, బొచ్చు మళ్లీ సరిగా రాకపోనూవచ్చు. వీధి చివరి అక్కకు అదే చెప్పాను. మొదటి రోజు దువ్వితే బకెట్ నిండింది.

మిగిలినవాటిలో జనం మధ్య ఊగిసలాడేవి నాలుగు. లాబ్రడార్ నెమ్మదైనది, పిల్లలున్న ఇంటికి మంచిది, కానీ పెట్టింది పెట్టినట్టు తిని బరువెక్కుతుంది. ఎండలో బరువు రెండో శత్రువు. జర్మన్ షెపర్డ్ తెలివైనదే, తుంటి కీళ్ల జబ్బు ఆ జాతిలో ఎక్కువ, కాబట్టి తల్లిదండ్రులను చూడకుండా పిల్లను కొనకండి. పొమేరియన్ అని ఇక్కడ చాలా ఇళ్లలో పిలిచేది నిజానికి ఇండియన్ స్పిట్జ్. బొచ్చున్నా మన వాతావరణానికి అలవాటు పడిన రకం, ఫ్యాను కింద నీడపట్టున బాగానే బతుకుతుంది, అరుపు మాత్రం భరించాలి. ఇక పొలమూ తోటా ఉన్నవాళ్లు ముధోల్ జాతిని అడుగుతున్నారు. కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లాలోని ముధోల్ నుంచి వచ్చిన వేటకుక్క అది. సన్నటి ఒళ్లు, పొట్టి బొచ్చు, పొడుగాటి ముక్కు, ఎండకు సరిగ్గా అమరినట్టుంటుంది. అయితే దానికి పరుగు కావాలి. రెండు సెంట్ల ఇంట్లో గొలుసుకు కడితే మనిషినీ ఇంటినీ తినేస్తుంది.

నా ఓటు ఊరకుక్క పిల్లకే. మొహమాటానికి చెప్పడం లేదు. మా కర్రి అలా వచ్చినదే, కాలువ తూము కింద దొరికింది. ఎండకు, అరకొర నీళ్లకు తట్టుకున్న తరాల నుంచి వచ్చిన ఒళ్లు అది. వంశపారంపర్య జబ్బులు తక్కువ. దానికి టీకా అక్కర్లేదని, జబ్బే రాదని మాత్రం అనుకోవద్దు. పార్వో అనే రక్త విరేచనాల జబ్బు, రేబిస్, పిడుదుల జ్వరం ఊరకుక్కనూ వదలవు.

కొనేవాళ్లు ఒక్క మాట గుర్తుంచుకోండి. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. "చిన్నప్పుడే తీసుకెళ్తే మాలిమి అవుతుంది" అని నెల పిల్లను చేతిలో పెట్టేవాళ్ల దగ్గర కొనకండి. తల్లి దగ్గర, తోటి పిల్లల దగ్గర గడపని పిల్లకు కొరుకుడు ఎంతవరకు ఆట, ఎక్కడి నుంచి దెబ్బ అన్నది తెలియదు.

మిద్దె మీదా, కింద బండ మీదా

ఇక్కడ పోటీయే లేదు. మిద్దె మీద రేకుల షెడ్డు వేసి, నీళ్ల గిన్నె పెట్టి, "గాలి బాగా తగులుతుంది" అనుకుంటారు. పదకొండు గంటలకే ఆ రేకు కింద నిలబడి చూడండి. కడప బండలు పరిచిన వరండా, వేపచెట్టు నీడ పడే వాకిలి ఉంటే అంతకు మించినది లేదు. కుక్క పొట్టను ఆ చల్లటి నల్ల బండకు ఆనించి కాళ్లు వెనక్కి చాపి పడుకుంటుంది, చూసే ఉంటారు. ఒంటి వేడిని నేలకు ఇచ్చేస్తోందన్న మాట.

కూలరా, ఏసీనా అన్నది అసలు ప్రశ్న. ఏప్రిల్, మేలలో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. కుక్క రొప్పడమూ కూలరూ ఒకే సూత్రం మీద నడుస్తాయి, తడి ఆరితేనే చల్లదనం. అందుకే కూలర్ పెట్టిన గదిలో కిటికీ తీసి ఉంచాలి, మూస్తే తేమ పేరుకుని కుక్క రొప్పినా ఫలితం ఉండదు. వానలు పడ్డాక కూలర్ ఆపేసి ఫ్యాను వేయండి. పొడుగు ముక్కు కుక్కకు ఇది చాలు. చప్పిడి ముక్కు కుక్క ఇప్పటికే ఇంట్లో ఉంటే ఏసీ విలాసం కాదు.

నడక సూర్యోదయానికి ముందు, లేదా రాత్రి భోజనాలయ్యాక. సాయంత్రం ఆరింటికి గాలి చల్లబడినా తారు రోడ్డు చల్లబడదు. అరచేతి వెనక భాగం రోడ్డుకు ఆనించి ఏడు లెక్కపెట్టండి. పెట్టలేకపోతే కుక్క పాదమూ పెట్టలేదు.

ఒకవేళ ఎండదెబ్బ తగిలితే గుర్తులు ఇవి: ఆగని రొప్పు, చిక్కటి జొల్లు, ఎర్రబడిన చిగుళ్లు, తూలుడు, వాంతి. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ డిగ్రీలు. 105 దాటితే గండం. ఆటో కోసం పరిగెత్తే ముందు చల్లబరచండి. నీడలోకి లాగి, ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, తొడల సందులు తడిసేలా కుళాయి నీళ్లు పోస్తూ ఫ్యాను పెట్టండి. తడి దుప్పటి కప్పి వదిలేయకండి, కాసేపటికి అదే వేడిని పట్టి ఉంచుతుంది. స్పృహ లేని కుక్క నోట్లో నీళ్లు పోయకండి. పది నిమిషాలు ఇలా చేసి, దారిలో కూడా తడుపుతూ ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేచి తోక ఊపినా సరే చూపించాల్సిందే. లోపల మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి మరుసటి రోజుకు గానీ బయటపడదు.

పిడుదులు: ఏ మందు, ఎప్పుడు

పిడుదులనండి, గోమార్లనండి. కుక్కలు పెంచేవాళ్ల డబ్బు, నిద్ర అన్నిటికన్నా ఎక్కువ తినేవి ఇవే, కాబట్టి ఇక్కడ కాస్త నిలుస్తాను.

రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు అచ్చం ఆముదపు గింజలా ఉంటుంది. ఆముదం మొక్క శాస్త్రీయ నామంలోని రిసినస్ అనే లాటిన్ మాటకు అర్థం కూడా పిడుదే, పేరు పెట్టినవాళ్లకూ అదే పోలిక తట్టింది. కర్రికి నాలుగేళ్లప్పుడు ఒక వారం తిండి సరిగా తినలేదు. ఎండకు అనుకున్నాను. ఒక తెల్లవారుజామున తుమ్మింది, గోడ మీద రక్తపు చుక్కలు. ముక్కు ఒక రంధ్రం నుంచి సన్నగా కారుతూనే ఉంది. పొట్ట మీద వెంట్రుకలు పక్కకు తీసి చూస్తే ఎర్రటి, ఊదా రంగు చుక్కలు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. ఎర్లీకియా అనే సూక్ష్మజీవి, పిడుదు కాటుతో వచ్చేది. ఇరవై ఎనిమిది రోజులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్. మొదట్లో ఆ మాత్రను పెరుగన్నంలో దాచి పెట్టేవాణ్ణి, డాక్టరు గారు వద్దన్నారు. పాలు, పెరుగు ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వవు, ఖాళీ కడుపున వేస్తే వాంతి. గుడ్డు ముక్కలో పెట్టడం మొదలుపెట్టాను.

ఆ నెలలో నాకు అర్థమైన విషయం ఇది. చెవుల్లో, వేళ్ల సందుల్లో ఏరి పారేసేవి కొన్నే. మిగిలినవి ఇంట్లో ఉంటాయి. ఈ గోధుమరంగు పిడుదు పిల్లగా ఒకసారి, ఎదిగేటప్పుడు ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి, మొత్తం మూడుసార్లు కుక్క మీదకు ఎక్కి, ప్రతిసారీ కడుపు నిండాక దిగిపోతుంది. దిగి గోడ సందుల్లో, బండల మధ్య చేరి కుబుసం విడుస్తుంది, చివరికి వేలల్లో గుడ్లు పెడుతుంది. తిండి లేకపోయినా నెలల తరబడి కాచుకుని ఉండగలదు. కర్రి పడుకునే చోట కడప బండల మధ్య సిమెంటు రాలిపోయిన సందులో టార్చి వేసి చూశాను. మొదట ఏమీ లేదు. వెలుతురు అలాగే పట్టి ఉంచితే, నువ్వుగింజలంతవి ఒక్కొక్కటిగా కదిలి గోడ ఎక్కడం మొదలుపెట్టాయి. నేను నెల నెలా కుక్కకు మందు రాస్తున్నది నిజమే. సందుకు మాత్రం ఎప్పుడూ రాయలేదు.

ఇక మందుల పోలిక.

మెడ మీద వేసే చుక్కల మందు, ఒంటికి కొట్టే స్ప్రే: వీటిలో ఎక్కువగా ఉండేది ఫిప్రోనిల్. దాదాపు నెల పనిచేస్తుంది. చర్మం మీదే పడాలి, బొచ్చు మీద పడితే దండగ. వేయడానికి రెండు రోజుల ముందు, రెండు రోజుల తర్వాత స్నానం వద్దు. వేసవిలో రోజూ నీళ్లు పోసే ఇళ్లలో ఇది అందుకే విఫలమై, మందు మంచిది కాదనే పేరు తెచ్చుకుంటుంది. కుందేళ్లున్న ఇంట్లో జాగ్రత్త, వాటికి ఫిప్రోనిల్ విషం.

నోటి మాత్రలు: అఫోక్సోలానర్ నెలకు, ఫ్లూరలానర్ పన్నెండు వారాలకు. స్నానంతో సంబంధం లేదు. ఖరీదు చూసి గుండె గుభేలంటుంది గానీ, పన్నెండు వారాలకు పంచితే అంత భయపడాల్సింది కాదు. లోపం ఏమిటంటే, పిడుదు కరిచి రక్తం తాగాకే చస్తుంది, దగ్గరికి రాకుండా ఆపదు. ఎర్లీకియా కొన్ని గంటల్లోనే ఒంటిలోకి దిగగలదు కాబట్టి మాత్ర వేసినంత మాత్రాన జ్వరం రాదన్న హామీ లేదు. కాకపోతే ఇంట్లో పిడుదుల సంతతి తగ్గిపోతుంది. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకు డాక్టరును అడగకుండా వేయకండి. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ రకం మందుల గురించి ఆ హెచ్చరికే చేసింది. బరువు చూసి కొనాలి. పెద్ద కుక్క మాత్రను సగం చేసి రెండు కుక్కలకు పంచే తెలివి వద్దు.

మెడ పట్టీ: ఫ్లూమెత్రిన్ కలిసిన మంచి రకం ఎనిమిది నెలల వరకు పనిచేస్తుంది, పిడుదును కరవకముందే తరిమే గుణమూ ఉంది. పొలం కాపలా కుక్కకు, నెల నెలా గుర్తు పెట్టుకోలేని ఇంటికి నేను ఇదే చెబుతాను. రెండు వేళ్లు దూరేంత వదులుగా కట్టాలి. పిల్లలు పట్టీ పట్టుకుని ఆడి అదే చేత్తో తినే ఇల్లయితే మాత్ర మేలు. బజారులో ఏ మందు పేరూ లేకుండా దొరికే రంగుల పట్టీలు అలంకారానికి తప్ప మరిదేనికీ పనికిరావు.

నీళ్లలో కలిపి ఒంటికి పట్టించే అమిట్రాజ్: అన్నిటికన్నా చవక, ఒళ్లంతా పట్టిన కుక్కకు గట్టిగా పనిచేస్తుంది. కొలత తప్పితే మాత్రం కుక్క మత్తుగా పడిపోతుంది. చిన్న కుక్కపిల్లలకు, చక్కెర వ్యాధి ఉన్న కుక్కలకు, పిల్లులకు వద్దు. నాకగలిగిన చోటల్లా నాకుతుంది కాబట్టి ఆరేదాకా పక్కనే ఉండాలి. డాక్టరు కొలత రాసిచ్చి, మీకు ఓపిక ఉంటేనే.

ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్: "ఒక్క సూదితో అన్నీ రాలిపోతాయి" అని ఇంటికొచ్చి వేసేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. పిడుదులకు ఇది నమ్మదగ్గ మందు కాదు. గొర్రెలు కాసే కోలీ జాతికి, దాని సంకరాలకు మెదడు మీద దెబ్బకొట్టి ప్రాణం తీయగలదు. గొర్రెలకు వేయగా మిగిలింది మంద కుక్కకు వేసే అలవాటు కూడా మానుకోవాలి.

చివరిది, నేను ఇప్పటికీ కోపం లేకుండా మాట్లాడలేనిది. కళ్యాణదుర్గం దగ్గర మా మామయ్య ఒకసారి చెనక్కాయ పంటకు కొట్టే పురుగుమందును నీళ్లలో కలిపి కుక్కకు గుడ్డతో పూశాడు. పంట మీద పురుగు చస్తే కుక్క మీద చావదా అన్నది ఆయన లెక్క. అరగంటలో దాని నోటి నుంచి నురగ, ఒళ్లంతా వణుకు, కంటిపాపలు ఆవగింజలంత. ఊళ్లోని పశువుల డాక్టరు గారు అట్రోపిన్ ఇంజెక్షన్లు ఇచ్చి బతికించారు. ఎవరైనా ఇలా చేసి ఉంటే, చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, సబ్బుతో కుక్కను కడిగి, మందు డబ్బాను వెంట తీసుకుని పరిగెత్తండి. డబ్బా మీద పేరుంటే డాక్టరుకు విరుగుడు వెంటనే తెలుస్తుంది.

ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లకు విడిగా ఒక హెచ్చరిక. పర్మెత్రిన్, పశువులకు వాడే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ ద్రావణాలు పిల్లికి ప్రాణాంతకం. కుక్కకు పూసి, ఆ తడి ఆరకముందే పిల్లి దాని పక్కన పడుకున్నా ముప్పే.

మా ఇంట్లో చివరికి కుదిరింది ఇది: మార్చి నుంచి నవంబరు దాకా పన్నెండు వారాల మాత్ర, బండల సందులన్నీ సిమెంటుతో పూడ్చడం, గోడ మొదళ్లకు, పైకప్పు మూలలకు మందు కొట్టించడం. మూలలెందుకంటే పిడుదులు పైకి ఎక్కే రకం. మందు గుడ్ల మీద సరిగా పనిచేయదు కాబట్టి మూడు వారాలకు మళ్లీ కొట్టించాం. ఆరేవరకు కర్రి మా చెల్లెలింట్లో. నాటు కోళ్లు పిడుదులను ఏరుకుని తింటాయని మా అమ్మ అంటుంది. నిజమే, తింటాయి. మందు కొట్టిన వారం మాత్రం కోళ్లను ఆ పక్కకు పోనివ్వకండి.

కుక్క ఒంటి మీద ఉన్నదాన్ని తీయాలంటే పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా నిటారుగా లాగండి. వేళ్లతో నలపవద్దు. కిరసనాయిలు పోయవద్దు. తీసినదాన్ని సబ్బు నీళ్ల సీసాలో వేయండి.

టీకాలు

ఇక్కడ ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినోత్సవం సందర్భంగా, పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా ఇచ్చాడు. ఆ రోజు క్యూలో నిలబడితే రేబిస్ వరకు సరిపోతుంది. కుక్కపిల్లకు మూడు నెలలు నిండాక మొదటిది, ఆ తర్వాత ఏటా.

దాంతో సరిపెట్టుకోకూడదు. పార్వో, డిస్టెంపర్, లెప్టోస్పైరోసిస్ కలిపిన టీకాను ఎక్కువమంది ప్రైవేటులోనే వేయించుకుంటారు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేవరకు మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. ఒక్కటి వేస్తే చాలదా అంటారు. తల్లి పాల ద్వారా వచ్చిన రక్షణ పిల్లలో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు, అది ఎప్పుడు తగ్గుతుందో పిల్లకూ పిల్లకూ తేడా ఉంటుంది. అందుకే వరుసగా. పార్వోతో ఒక పిల్ల పోయిన ఇంట్లో ఆ వైరస్ నెలల తరబడి నేల మీద బతికి ఉంటుంది. ఫినాయిలు దానికి చాలదు. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్లు కలిపి కడిగినా, టీకాలు పూర్తికాని పిల్లను అక్కడికి వెంటనే తేకండి.

ఏ కుక్క కరిచినా, టీకాలన్నీ వేసిన మీ కుక్కే కరిచినా, గాయాన్ని సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. కారం, సున్నం, ఆకుపసరు పెట్టడం ఇంకా చూస్తున్నాను. గాయం లోతుగా ఉండి రక్తం వస్తే టీకాతో పాటు వెంటనే రక్షణ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ సూది కూడా కావాలి, అడిగి వేయించుకోండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు లేదు.

తిండి

సంచిలో తిండి మంచిదా, ఇంటి తిండా? కొలత, ఓపిక ఉంటే ఇంటి తిండి. లేకపోతే సంచి. రెండూ కలిపి పెట్టినా తప్పులేదు. పొద్దున కొంత సంచి తిండి, రాత్రికి ఉడికించిన కోడిమాంసం లేదా గుడ్డు, అన్నం, కాస్త గుమ్మడికాయ లేదా క్యారెట్. పెద్ద జాతి పిల్లలకు మాత్రం ఎదిగే వయసులో పెద్ద జాతుల పిల్లల కోసం చేసిన సంచి తిండే సులువు. ఎముకలు గట్టిపడాలని కాల్షియం సీసాలు పోస్తే కీళ్లు వంకరపోతాయి.

మన ఇళ్లలో అసలు చిక్కు మన వంట. రాగి సంగటి కుక్కకు పరవాలేదు. సంగటితో పాటు మిగిలిన మాంసం కూర వేస్తేనే ఇబ్బంది. అందులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. రెండూ కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఉగ్గాణిలో ఉల్లి ఎంత పడుతుందో చెప్పనక్కర్లేదు. పాయసంలో కిస్‌మిస్ మూత్రపిండాలకు దెబ్బ, చాక్లెట్, జైలిటాల్ అనే తీపి పదార్థం కలిసిన చక్కెర లేని బబుల్‌గమ్ విషం. ఉడికించిన ఎముక పెళుసై విరిగి పేగుకు గుచ్చుకుంటుంది. శాకాహార ఇళ్లలో కుక్కకు పెరుగన్నం ఒక్కటే పెడితే మాంసకృత్తులు చాలవు, గుడ్డయినా ఇంటి బయట వండి పెట్టండి. పిల్లిని మాత్రం శాకాహారిగా పెంచే ప్రయత్నమే వద్దు. టౌరిన్ అనే పోషకం దానికి మాంసం నుంచే రావాలి, అది లేకపోతే దాని చూపు, గుండె పోతాయి.

జ్వరమొచ్చిందని మన మాత్రలు వేయకండి. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లిని చంపగలదు. ఐబూప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను పాడు చేస్తుంది.

ఎక్కడ చూపించాలి

టీకా, నట్టల మందు, చిన్న గాయం, పాము కాటు మొదటి గంట: దగ్గర్లోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రి. పాము కాటుకు మనుషులకు వాడే విరుగుడు మందే కుక్కకూ పనిచేస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి ఒకటే. మందు ఆ పూట ఉందో లేదో ఫోనులో అడిగి వెళ్లండి. పల్లెల్లో 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, అది ముఖ్యంగా గొడ్లు, గొర్రెల కోసం ఏర్పడినదని గుర్తుంచుకుని అడగండి.

రక్తపరీక్ష, ఎక్స్‌రే, రోజూ సెలైను ఎక్కించాల్సిన జబ్బు: ప్రైవేటు క్లినిక్. ఎంచుకునేటప్పుడు బోర్డు చూడకండి, రెండే అడగండి. రక్తపరీక్ష ఇక్కడే చేస్తారా? రాత్రి పది తర్వాత ఎవరు ఫోను ఎత్తుతారు? కర్రికి ఒకచోట పరీక్ష లేకుండా మూడు రోజులు సెలైను పెట్టి పంపారు, దాని ముక్కు నుంచి రక్తం వచ్చింది ఆ తర్వాతే. పాలిపోయిన చిగుళ్లు, జ్వరం, తిండి మానడం ఈ మూడూ కలిసి ఉంటే పిడుదుల జ్వరం పరీక్ష మీరే అడగండి. పిడుదులతోనే వచ్చే మరో సూక్ష్మజీవి బబీసియా అయితే డాక్సీసైక్లిన్ ఒక్కటే చాలదు, చికిత్స వేరు.

పెద్ద ఆపరేషన్లకు మూడు ఊళ్లకూ మూడు దారులు. కడపవాళ్లకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల ఉంది, ఆపైన తిరుపతి. కర్నూలువాళ్లు హైదరాబాదు, అనంతపురంవాళ్లు బెంగళూరు పోతారు, రెండూ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఆడకుక్క గర్భసంచికి చీము పట్టి ఆ దారి పట్టినవాళ్లను చూశాను. పిల్లలు వద్దనుకుంటే గర్భసంచి తీసే ఆపరేషన్‌ను కుక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఊళ్లో చేయించడం తేలిక.

దూరం పోయేటప్పుడు ఎండాకాలమైతే రాత్రి పూట బయలుదేరండి. పాత చీటీలు, టీకా పుస్తకం, చివరిసారి వేసిన పిడుదుల మందు అట్టపెట్టె ఒక సంచిలో పెట్టి తలుపు వెనక తగిలించి ఉంచండి. మా ఇంట్లో ఆ సంచి గొలుసు పక్కనే ఉంటుంది. వీధి చివరి అక్క పోయిన వారం వచ్చి దాన్ని ఫోటో తీసుకుపోయింది.